వాటాదారులు మాత్రమేనా? అల్ వుకైర్ నుంచి చూస్తే సంస్థల సామాజిక బాధ్యత

దోహా నగరానికి దక్షిణాన, అల్ వక్రా మునిసిపాలిటీలో ఉన్న అల్ వుకైర్ ఒకప్పుడు ఎడారి అంచున చిన్న ఊరు. ఇవాళ అక్కడ ఎజ్దాన్ ఓయాసిస్, బర్వా సంస్థ కట్టిన మదీనత్నా వంటి పెద్ద పెద్ద నివాస సముదాయాలున్నాయి. కుటుంబాలతో ఖతార్‌లో ఉంటున్న తెలుగువారిలో చాలామందికి ఇది సుపరిచితమైన చిరునామా. ఉదయం ఏడు గంటలకు ఈ వీధుల్లో నిలబడితే స్కూలు బస్సులు, ఆఫీసు కార్లు, కార్మికులను సైట్లకు తీసుకెళ్లే తెల్ల బస్సులు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. ఇంజనీరు, అకౌంటెంటు, డ్రైవరు, మేస్త్రి, ఇంటిపని చేసే అక్క, అందరి బతుకూ ఏదో ఒక సంస్థతో ముడిపడి ఉంది.

అందుకే "మంచి సంస్థ అంటే ఏమిటి?" అన్న ప్రశ్న మనకు మేనేజ్‌మెంటు కాలేజీ పాఠం కాదు. నెలాఖరుకు జీతం పడుతుందా, ఎండలో పని ఆపుతారా, ఫిర్యాదు చేస్తే ఉద్యోగం ఉంటుందా అన్నవే ఆ ప్రశ్నకు అసలు రూపాలు. సంస్థలు తమ చుట్టూ ఉన్నవారితో సంబంధాలు ఎలా పెంచుకుంటాయి, బాధ్యత గల పౌరుల్లా ఎలా నడుచుకుంటాయి, ఖతార్ చట్టాలు ఏమంటున్నాయి, మన తెలుగు నేల అనుభవం ఏం చెబుతోంది అన్న విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

భాగస్వామ్య పక్షాలు అంటే ఎవరు?

కంపెనీలో డబ్బు పెట్టినవాడు వాటాదారు, అంటే షేర్‌హోల్డర్. కంపెనీ చేసే పనుల వల్ల లాభమో నష్టమో పొందేవారంతా స్టేక్‌హోల్డర్లు. తెలుగు పత్రికలు వీరిని భాగస్వామ్య పక్షాలు అంటున్నాయి. ఉద్యోగులు, కార్మికులు, వారి కుటుంబాలు, వినియోగదారులు, సరుకు అందించేవారు, సబ్ కాంట్రాక్టర్లు, అప్పిచ్చిన బ్యాంకులు, చుట్టుపక్కల నివసించేవారు, ప్రభుత్వం, చివరకు గాలీ నీరూ కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

అమెరికా ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984లో రాసిన పుస్తకంతో ఈ ఆలోచనకు మేనేజ్‌మెంటు శాస్త్రంలో స్థానం దొరికింది. ఐక్యరాజ్యసమితి 2000లో గ్లోబల్ కాంపాక్ట్ పేరిట సంస్థలకు కొన్ని సూత్రాలు ప్రతిపాదించింది. 2004లో అవినీతి వ్యతిరేక సూత్రాన్ని చేర్చడంతో అవి పది అయ్యాయి. 2010లో ఐఎస్ఓ 26000 అనే మార్గదర్శక ప్రమాణం వచ్చింది. 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు ఒక ముఖ్యమైన విషయం స్పష్టం చేశాయి. హక్కులను కాపాడటం ప్రభుత్వ విధి. హక్కులను గౌరవించడం సంస్థల బాధ్యత. నష్టం జరిగినప్పుడు పరిహారం దొరికే మార్గం చూపడం ఇద్దరి పనీ.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. దానం వేరు, బాధ్యత వేరు. లాభం వచ్చాక అందులో కొంత పంచడం దానం. ఆ లాభం ఎలా వచ్చిందన్నది బాధ్యతకు సంబంధించిన ప్రశ్న. కార్మికుడికి మూడు నెలల జీతం బాకీ పెట్టి రక్తదాన శిబిరం నిర్వహించే సంస్థను చూసి మన పెద్దలైతే "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అనేవారు.

చట్టం చెప్పే దానం: ఖతార్‌లో, భారత్‌లో

ఖతార్‌లో 2008 నాటి 13వ నంబరు చట్టం ప్రకారం స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన ఖతారీ కంపెనీలు తమ వార్షిక నికర లాభంలో 2.5 శాతాన్ని సామాజిక, క్రీడా, సాంస్కృతిక, ధార్మిక కార్యక్రమాలకు ఇవ్వాలి. ఆ డబ్బు "దామ్" అనే నిధికి చేరుతుంది. ఎజ్దాన్, బర్వా రెండూ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్న సంస్థలే. అంటే వుకైర్‌లో మనం కట్టే అద్దెలోంచి వచ్చిన లాభంలో ఒక చిన్న భాగం ఈ దారిన సమాజానికి తిరిగి చేరుతుందన్నమాట.

భారతదేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ఇలాంటిదే. 500 కోట్ల రూపాయల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఇది 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

రెండూ మంచి చట్టాలే. కానీ రెండూ లాభం ఖర్చు పెట్టడం గురించినవే. మిగిలిన 97.5 శాతం, 98 శాతం సంగతి ఏమిటన్నది ఇవి చెప్పవు.

సత్యం నేర్పిన పాఠం

ఈ తేడాను తెలుగువారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం 2001లో నెలకొల్పిన బైర్రాజు ఫౌండేషన్ పల్లెల్లో వైద్యం, విద్య, మంచినీటి రంగాల్లో పనిచేసింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అత్యవసర వైద్య సేవ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కార్పొరేట్ పాలన బాగుందని 2008లో సత్యానికి గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా వచ్చింది.

అదే ఏడాది డిసెంబరు 16న కుటుంబ సభ్యుల ఆధీనంలోని రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు సత్యం ప్రకటించింది. మదుపరులు తిరగబడటంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న ఖాతాల్లో ఐదు వేల కోట్ల రూపాయలకు పైగా లేని నగదును చూపించామని రాజు తన లేఖలో ఒప్పుకున్నారు. సుమారు యాభై వేల మంది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్కరోజులో అయోమయంలో పడింది. పురస్కారాన్ని వెనక్కి తీసుకున్నారు. కేంద్ర ప్రభుత్వం కొత్త బోర్డును నియమించింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సంస్థను చేజిక్కించుకుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం రాజుతో సహా పది మందిని దోషులుగా తేల్చింది.

108 సేవ నిజమైనదే, అది కాపాడిన ప్రాణాలూ నిజమైనవే. ఖాతాల అబద్ధమూ నిజమే. మంచి పని చెడ్డ లెక్కను కడిగివేయలేదు. ఉద్యోగులకు, మదుపరులకు, ఖాతాదారులకు నిజం చెప్పడం అన్నిటికన్నా మొదటి సామాజిక బాధ్యత.

ఇరుగుపొరుగు కూడా పక్షమే

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. గోడ అవతల నిద్రపోతున్న జనాన్ని హెచ్చరించాల్సిన సైరన్ మోగలేదు. తగిన పర్యావరణ అనుమతి లేకుండానే ఉత్పత్తి సాగించామని ఆ సంస్థే అంతకు ముందు ఏడాది అఫిడవిట్‌లో రాసుకుంది.

చుట్టుపక్కల ఊళ్లతో సంబంధం అంటే పండగకు దుప్పట్లు పంచడం కాదని ఈ ఘటన చెబుతుంది. లోపల ఏ రసాయనాలు ఉన్నాయి, ప్రమాదం జరిగితే ఎటు వెళ్లాలి, ఎవరికి ఫోను చేయాలి అన్నది ముందే చెప్పి, ఏడాదికొకసారైనా జనంతో కలిసి అభ్యాసం చేయడమే అసలు సంబంధం. వుకైర్‌కు దక్షిణాన మిసయీద్ పారిశ్రామిక నగరం ఉంది. మన వాళ్లలో ఎందరో అక్కడ భద్రతా విభాగాల్లో పనిచేస్తున్నారు. ఆ ఉద్యోగం విలువ ఏమిటో వారికి వేరే చెప్పాలా?

ఖతార్‌లో కార్మికుడి పక్షం: ఇరవై ఏళ్ల ప్రయాణం

ఖతార్‌లో సంస్థలకు అతి పెద్ద భాగస్వామ్య పక్షం వలస కార్మికులే. వారి విషయంలో నిబంధనలు దశలవారీగా మారుతూ వచ్చాయి. ముఖ్యమైనవి ఇవి:

2004: 14వ నంబరు కార్మిక చట్టం. వారానికి 48 గంటల పని, రంజాన్ మాసంలో 36 గంటలు. ఏడాది సర్వీసు దాటినవారికి ప్రతి ఏడాదికి కనీసం మూడు వారాల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ.

2015: వేతన రక్షణ వ్యవస్థ. జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, గడువు దాటిన ఏడు రోజుల్లోపు ఖాతాలో పడాలి.

2017: కార్మిక వివాదాల పరిష్కార కమిటీలకు చట్టం. ఇంటిపని చేసేవారికి వేరే చట్టం.

2018: అంతర్జాతీయ కార్మిక సంస్థ దోహా కార్యాలయం ప్రారంభం. చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ అవసరం తొలగింపు. కార్మికుల సహాయ, బీమా నిధి ఏర్పాటుకు చట్టం.

2020: ఉద్యోగం మారడానికి పాత యజమాని ఎన్.ఓ.సి. అవసరం లేకుండా సవరణ.

2021: మార్చి 20 నుంచి అన్ని దేశాల వారికీ, అన్ని రంగాల వారికీ కనీస వేతనం. మూల వేతనం 1000 రియాళ్లు, యజమాని భోజనం పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 అదనం. అదే ఏడాది నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా బయట ఎండలో పని నిషేధం. వేడి, తేమ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి.

పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధమన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

అయితే ఖతార్‌లో విదేశీ కార్మికులకు యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. ముప్పై మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండే సంయుక్త కమిటీలు ఏర్పాటు చేసుకోవచ్చు. కార్మిక ప్రతినిధులను కార్మికులే ఎన్నుకోవడానికి 2019లో విధివిధానాలు వచ్చాయి. యూనియన్‌కు ఇది సాటి రాకపోవచ్చు, కానీ మెస్‌లో అన్నం బాగాలేదన్న దగ్గరి నుంచి ఓవర్‌టైం లెక్క తప్పిందన్నదాకా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోటు ఇది. ఇవాళ ఖతార్‌లో ఒక సంస్థ తన కార్మికులతో నిజంగా సంబంధం పెట్టుకుందా లేదా తెలుసుకోవాలంటే "మీ దగ్గర కమిటీ ఉందా, ఎన్నికలు జరిగాయా, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు?" అని అడిగితే చాలు.

వక్రా మెట్రో, అల్ జనూబ్ స్టేడియం

వుకైర్‌కు దగ్గర్లోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. మొదటిది దోహా మెట్రో రెడ్ లైను. 2019 మే 8న మొదలైన ఈ లైనుకు దక్షిణ కొస అల్ వక్రా స్టేషను. దీని దక్షిణ భాగపు సొరంగ మార్గాలు నిర్మించిన కూటమిలో క్యూడీవీసీ ఒకటి. ఇది ఖతారీ దియార్, ఫ్రాన్సుకు చెందిన వించీ సంస్థల ఉమ్మడి కంపెనీ. ఖతార్‌లో కార్మికుల పరిస్థితిపై 2015లో షెర్పా అనే ఫ్రెంచి స్వచ్ఛంద సంస్థ వించీ మీద ఫ్రాన్సులో ఫిర్యాదు చేసింది. వించీ ఆరోపణలను ఖండించింది. 2017 నవంబరులో క్యూడీవీసీ, వించీ, అంతర్జాతీయ భవన నిర్మాణ కార్మికుల సమాఖ్య బి.డబ్ల్యు.ఐ. కలిసి జెనీవాలో ఒప్పందంపై సంతకాలు చేశాయి. నియామకాలు, వసతి, భద్రత, కార్మికుల ప్రతినిధులు, సబ్ కాంట్రాక్టర్ల పర్యవేక్షణ అందులోని అంశాలు. యూనియన్లకు చోటు లేని దేశంలో అంతర్జాతీయ యూనియన్‌తో ఒక నిర్మాణ సంస్థ తనిఖీలకు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. తనను విమర్శించేవారితో కూర్చోవడం కూడా భాగస్వామ్య పక్షాలతో సంబంధాల్లో భాగమే.

రెండోది అల్ జనూబ్ స్టేడియం. 2019 మే 16న అమీర్ కప్ ఫైనల్‌తో ప్రారంభమైంది. 2022 ప్రపంచ కప్ స్టేడియంల బాధ్యత చూసిన సుప్రీమ్ కమిటీ 2014లో కార్మిక సంక్షేమ ప్రమాణాలు ప్రకటించింది. ఆ తర్వాత, ఊళ్లో ఏజెంటుకు కట్టిన డబ్బును రశీదు లేకపోయినా కార్మికులకు తిరిగి చెల్లించేలా కాంట్రాక్టర్లను ఒప్పించింది. ఏజెంటు ఎన్నడూ రశీదు ఇవ్వడని జగిత్యాలలో, నిజామాబాద్‌లో, కడపలో ఎవరినడిగినా చెబుతారు. రశీదు అడగకపోవడమే ఈ పథకంలోని అసలు తెలివి.

లోపాలూ ఉన్నాయి. ఈ ప్రమాణాలు వర్తించింది ప్రపంచ కప్ స్థలాల్లో పనిచేసినవారికే. దేశంలోని మొత్తం కార్మికుల్లో వారు చాలా చిన్న భాగం. జీతాల బకాయిలు, కారణం సరిగా తేల్చని మరణాల గురించి మానవ హక్కుల సంస్థలు ఇప్పటికీ ప్రశ్నలు వేస్తూనే ఉన్నాయి. 2024లో ఫిఫా ప్రకటించిన 5 కోట్ల డాలర్ల వారసత్వ నిధి నష్టపోయిన కార్మిక కుటుంబాల పరిహారానికి ఉద్దేశించినది కాకపోవడం కూడా విమర్శలకు గురైంది.

సంబంధం మొదలయ్యేది ఊళ్లోనే

వుకైర్‌లో పనిచేసే తెలుగు కార్మికుడికి, సంస్థకు మధ్య సంబంధం విమానం దిగాక మొదలు కాదు. ఊళ్లో సబ్ ఏజెంటు ఇంటి అరుగు మీద మొదలవుతుంది. భారత నిబంధనల ప్రకారం నమోదైన ఏజెంటు సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. ఖతార్ చట్టం కార్మికుడి నుంచి నియామక ఖర్చులు వసూలు చేయడాన్ని నిషేధిస్తుంది. అయినా వడ్డీకి అప్పు తెచ్చి అంతకు కొన్ని రెట్లు కట్టి వచ్చినవారు మన చుట్టూ ఉన్నారు. అలా వచ్చినవాడు మొదటి ఏడాది జీతం తన కోసం సంపాదించడు, వడ్డీ వ్యాపారి కోసం సంపాదిస్తాడు. అప్పు ఉన్నవాడు ఫిర్యాదు కూడా చేయలేడు. అందుకే నియామకానికి ఎవరు డబ్బు కట్టారో తెలుసుకోని సంస్థ మిగతా ఎన్ని ప్రమాణాలు పాటించినా పునాది లేని ఇల్లు కట్టినట్టే.

హైదరాబాద్‌తో సహా భారత నగరాల్లో ఖతార్ వీసా కేంద్రాలు వచ్చాక, ప్రయాణానికి ముందే కార్మికుడు ఒప్పందం చదివి సంతకం చేసే వీలు కలిగింది. అక్కడ ఒక జీతం, ఇక్కడ ఒక జీతం అనే మోసానికి ఇది కొంత అడ్డుకట్ట. ప్రభుత్వం కూడా ఒక పక్షమే అనడానికి ఇంకో ఉదాహరణ ఉంది. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్లే భారతీయుల కనీస సిఫార్సు వేతనాలను కేంద్రం తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం, కార్మిక సంఘాల ఒత్తిడి తర్వాత 2021 జులైలో ఆ తగ్గింపు రద్దయింది. 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయానికి ఉత్తర్వులు ఇచ్చింది.

చిన్న వ్యాపారాలకు ఐదు సూచనలు

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకోవద్దు. టిఫిన్ సెంటరు, సెలూన్, కిరాణా, ట్రాన్స్‌పోర్టు, మెయింటెనెన్సు కాంట్రాక్టు, ఏదైనా సరే, పది మందికి జీతం ఇచ్చే తెలుగు యజమాని కూడా ఒక సంస్థే.

1. మీ వ్యాపారం వల్ల ఎవరెవరి బతుకు మారుతుందో ఒక కాగితం మీద రాయండి. వంటవాడు, డెలివరీ కుర్రాడు, కూరగాయలు వేసే ఆయన, పై అంతస్తులో ఉండే కుటుంబం, అందరినీ.

2. జీతం తేదీ తప్పనివ్వకండి. ఆలస్యం అయ్యేటట్టుంటే ముందే, తేదీతో సహా చెప్పండి. మౌనం కన్నా చేదు నిజం మేలు.

3. ఫిర్యాదుకు ఒక దారి చూపండి. సూపర్‌వైజరు మీద ఫిర్యాదును ఆ సూపర్‌వైజరుకే ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు. విన్నాక ఏం చేశారో తిరిగి చెప్పండి.

4. మీకు మనుషులను ఇచ్చే మ్యాన్‌పవర్ సంస్థ వారికి ఎంత ఇస్తోందో అడగండి. చవక రేటు వెనుక ఎవరి కడుపు మాడుతోందో తెలుసుకోవడం మీ బాధ్యత.

5. వీటన్నిటి తర్వాతే విరాళాలు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగరబోయినట్టు కాకూడదు.

సంఘాల మాటేమిటి?

ఖతార్‌లో కష్టంలో ఉన్న భారతీయుడికి ముందుగా గుర్తొచ్చే పేరు 1984 నుంచి భారత రాయబార కార్యాలయం ఆధ్వర్యంలో పనిచేస్తున్న ఇండియన్ కమ్యూనిటీ బెనివలెంట్ ఫోరం. దాంతోపాటు ఆంధ్ర కళా వేదిక, తెలుగు కళా సమితి, తెలంగాణ గల్ఫ్ సమితి వంటి మన సంఘాలూ ఉన్నాయి. సంస్థకూ కార్మికుడికీ మధ్య భాష తెలిసిన వారధిగా నిలబడటంలో సంఘాల పాత్ర ఎంతో ఉంది. తెలుగులో మాట్లాడే ఒక వాలంటీరు పక్కన ఉంటే, కార్మికుడికి వివాదాల కమిటీ ముందు నిలబడే ధైర్యం వస్తుంది.

ఒక మాట మాత్రం మనకు మనమే చెప్పుకోవాలి. ఉగాదికీ, బతుకమ్మకూ, సంక్రాంతికీ మనం స్పాన్సర్లను వెతుక్కుంటాం. వేదిక మీద వారి పేర్లు వెలుగుతాయి, శాలువాలు కప్పుతాం. తప్పేమీ లేదు. కానీ మనం కప్పే శాలువా ఆ సంస్థకు తెలుగు సమాజం ఇచ్చే మంచి పేరు. ఆ పేరుకు ఒక విలువ ఉంది కాబట్టే వారు డబ్బు ఇస్తున్నారు. మరి ఆ విలువను ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు అడిగే హక్కు మనకు లేదా? మీ కార్మికులకు జీతాలు వేళకు అందుతున్నాయా? పాస్‌పోర్టులు వారి దగ్గరే ఉన్నాయా?

"అవును" అని ధైర్యంగా చెప్పగలిగిన సంస్థకు రెండు శాలువాలు కప్పుదాం. తడబడే సంస్థకు ముందు జీతాలు ఇచ్చి రమ్మని మర్యాదగా చెబుదాం. హాలు వెనుక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టే తెలుగు కార్మికుడు కూడా మన సంఘానికి ఒక భాగస్వామ్య పక్షమే కదా!